మల్టీబ్యాండ్ అంటే అన్నిచోట్లా ఒకటేనా?

"రేడియో పెట్టె మీద మల్టీబ్యాండ్ అని ఉంటుంది, ఫోన్ వివరాల్లో ఉంటుంది, ఆడియో ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఈమధ్య ఒక చేప పేరులో కూడా చూశాను. అన్నిటికీ అర్థం ఒకటేనా?" అని మీలో ఒకరు అడిగారు.

ఒకటే. బ్యాండ్ అంటే పట్టీ, అవి ఒకటికంటే ఎక్కువ ఉన్నాయని, అంతే. నా గొడవ అర్థంతో కాదు, ఆ మాట దాచిపెట్టేదానితో. పట్టీలు ఎన్నో చెప్తుంది గానీ, ఒకదాన్నుంచి ఇంకోటి ఎంత శుభ్రంగా విడిపోయి ఉందో చెప్పదు. ఆ తేడా తెలియక నా పద్నాలుగో ఏట మూడు వారాలపాటు ఒక దెయ్యం స్టేషన్ వెంట పడ్డాను.

మా మావయ్య తను వాడి పక్కన పడేసిన ట్రాన్సిస్టర్ ఒకటి నాకిచ్చాడు. మూడు బ్యాండ్లు: మీడియం వేవ్, షార్ట్‌వేవ్‌లో రెండు ముక్కలు, అంటే ఎస్‌డబ్ల్యూ 1, ఎస్‌డబ్ల్యూ 2. నుదుటి మీద వెండి అక్షరాలతో మల్టీబ్యాండ్ అని ఉండేది. ఎస్‌డబ్ల్యూ 2లో 7 నుంచి 22 మెగాహెర్ట్జ్ దాకా ఉన్నదంతా జానెడు డయల్ మీద ఇరికించారు. వేలు కాస్త వణికితే చాలు, వార్తలు చదివే భాషే మారిపోయేది. స్టేషన్లు గుంపులుగా ఉండే చోట్లకి డయల్ మీద తరంగం పొడవుని బట్టి మీటర్ల గుర్తులుంటాయి. ముల్లు 31 మీటర్ల గుర్తు దాటాక 41 వచ్చేదాకా మధ్యలో చాలావరకు ఖాళీ జాగా. అక్కడ ప్రసార స్టేషన్లు అరుదు. ఒకరాత్రి అందరూ పడుకున్నాక రేడియోని దిండు పక్కన పెట్టుకుని తిప్పుతుంటే, సరిగ్గా ఆ ఖాళీలో ఒక గొంతు. నాకు రాని భాష. వెనకాల సన్నగా ఈల వేస్తున్నట్టు కీచుమనే చప్పుడు.

ఇంకేముంది, లోకంలో ఎవరికీ తెలియని రహస్య స్టేషన్ నాకే దొరికిందనుకున్నాను. రూళ్ల నోట్‌బుక్ ఒకటి తీసి తేదీ, టైము, ఎంత గట్టిగా వినిపించింది, ఏ వాయిద్యం మోగింది, అన్నీ రాసుకున్నాను. మూడు వారాల్లో పదకొండు పేజీలు నిండాయి. పేజీ పైన ఎర్ర సిరాతో "కొత్త స్టేషన్" అని తాటికాయంత అక్షరాలు.

మావయ్య వచ్చినప్పుడు గొప్పగా పెట్టి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు. తన సంచిలోంచి తన రేడియో తీసి, 31 మీటర్ల గుర్తు దగ్గర ఏదో పెట్టి నా రేడియో పక్కనే నిలబెట్టాడు. రెండిట్లోనూ అదే మనిషి, అదే మాట. నేనింకా "ఒకే కార్యక్రమాన్ని రెండు స్టేషన్లు వేస్తున్నాయేమో మావయ్యా" అని సర్దుకుంటున్నాను. ఇంతలో ఆ చదివేవాడికి దగ్గొచ్చింది. రెండు రేడియోలూ ఒకేసారి దగ్గాయి. ఆయన రేడియోలో గట్టిగా, నా దాంట్లో నీరసంగా.

"సరే, ఇప్పుడు నీ ముల్లు కూడా 31 దగ్గరికి తీసుకురా" అన్నాడు. తెచ్చాను. నా రేడియోలోనూ వాడు అక్కడే ఉన్నాడు, ఇందాకటికంటే రెట్టింపు గట్టిగా. "దగ్గేది ఒక్కడేరా. నీ రేడియోనే వాణ్ని రెండు చోట్ల చూపిస్తోంది" అన్నాడు.

సంగతేమిటంటే, ఇలాంటి రేడియోలు ఏ స్టేషన్ పెట్టినా దాన్ని లోపల ఒక స్థిరమైన పౌనఃపున్యానికి (ఫ్రీక్వెన్సీకి) దించి ఆ తర్వాత వినిపిస్తాయి. మామూలుగా అది 455 కిలోహెర్ట్జ్. ముల్లు 8.890 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే ఆ ఖాళీ జాగాలో ఉంటే, లోపలి ఆసిలేటర్ (రేడియోలో సొంతంగా తరంగం పుట్టించే భాగం) 9.345 దగ్గర పనిచేస్తుంది. రెండిటికీ తేడా 455. కానీ 9.800 దగ్గర, అంటే 31 మీటర్ల గుర్తు దగ్గర, గట్టి స్టేషన్ ఒకటి ఉంటే, దానికీ ఆసిలేటర్‌కీ తేడా కూడా 455 కిలోహెర్ట్జే! ఏది అడిగాం, ఏది చొరబడింది అన్నది ఆ తర్వాతి దశకి తెలియదు. తెలియాల్సింది గుమ్మం దగ్గరున్న ట్యూనింగ్ సర్క్యూట్‌కి. మీడియం వేవ్‌లో దానికి ఇబ్బంది లేదు. 1000 కిలోహెర్ట్జ్ స్టేషన్‌కి దొంగ జోడీ ఉండేది 1910 దగ్గర, అంత దూరంలో ఉన్నదాన్ని సులువుగా ఆపేస్తుంది. 9 మెగాహెర్ట్జ్ దగ్గరకొచ్చేసరికి 910 కిలోహెర్ట్జ్ తేడా దాదాపు పదో వంతే. చవక సర్క్యూట్ చేతులెత్తేస్తుంది. అందుకే మంచి రిసీవర్లు ముందుగా ఇంకా పై పౌనఃపున్యానికి మార్చి, తర్వాత కిందికి దించుతాయి.

ఇదంతా పెట్టె మీద ఎక్కడైనా రాస్తారా? రాయరు. రాసేదల్లా అంకె. పది బ్యాండ్ల రేడియో అంటారు, విప్పి చూస్తే ఒకటి ఎఫ్ఎం, ఒకటి మీడియం వేవ్, మిగతా ఎనిమిదీ షార్ట్‌వేవ్ ముక్కలే: 49, 41, 31, 25, 22, 19, 16, 13 మీటర్లు. కొత్త జాగా ఏమీ రాలేదు, ఉన్నదాన్నే కోసి సాగదీశారు. నిజం చెప్పాలంటే ఆ సాగదీయడం మంచిదే, ముల్లు నిలపడం తేలికవుతుంది. అదే గొప్పగా చెప్పుకోవచ్చు కదా, పది, పది అని అరవడం దేనికి?

తర్వాత్తర్వాత హామ్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) లైసెన్స్ తీసుకుని 7 మెగాహెర్ట్జ్ కోసం దాదాపు 20 మీటర్ల తీగతో డైపోల్ ఏంటెనా కట్టాను. అదే తీగ 21 మెగాహెర్ట్జ్‌లో కూడా చక్కగా పలికింది. 7కి అర తరంగం పట్టే తీగలో 21కి మూడు అర తరంగాలు పడతాయి కాబట్టి. ఉత్త రాగి తీగ, దాని మీద మల్టీబ్యాండ్ అని ఎవరూ అచ్చు వేయలేదు.

ఫోన్ల గురించి ఒక్క మాట. ఒకప్పుడు క్వాడ్‌బ్యాండ్ అంటే నాలుగు బ్యాండ్లు, 850, 900, 1800, 1900 మెగాహెర్ట్జ్ అని అందరికీ తెలిసేది. ఇప్పుడు ఆ జాబితా చాంతాడంత. బోలెడు బ్యాండ్లున్నాయని మురిసి నేనొక ఫోన్ కొన్నాను. మా నెట్‌వర్క్ వాడే తక్కువ పౌనఃపున్యం బ్యాండ్ ఒక్కటే అందులో లేదు. గోడలు దాటి లోపలికి బాగా వచ్చేది ఆ తక్కువ పౌనఃపున్యమే. రెండేళ్లు కిటికీ పక్కన నిలబడి మాట్లాడాను.

ఆడియోలో మల్టీబ్యాండ్ కంప్రెసర్ అంటే ధ్వనిని మంద్రం, మధ్యమం, తారం అని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో హెచ్చుతగ్గుల్ని విడివిడిగా అదిమేది. 'స', 'ష' అక్షరాల దగ్గర గొంతు చెవిలో గుచ్చుకుంటుంటే పై ముక్కని మాత్రం కాస్త తగ్గించుకోవచ్చు, బ్రహ్మాండమైన పనిముట్టు. కానీ నాలుగు బ్యాండ్లు ఇచ్చారు కదా అని నాలుగూ తిప్పేవాళ్లతోనే నా బాధ. నేనూ ఆ జాతే, ఒకసారి నా గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు తయారుచేసి, బాగుందనుకుని మిత్రులకి పంపాను. ఎవరూ జవాబివ్వలేదు.

ఇక మీ చేప. మల్టీబ్యాండ్ సీతాకోక చేప, శాస్త్రీయ నామం కీటోడాన్ మల్టిసింక్టస్. హవాయి దీవుల దగ్గర, జాన్‌స్టన్ అటోల్ దగ్గర పగడపు దిబ్బల్లో బతుకుతుంది. 1863లో గారెట్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. లాటిన్‌లో దానర్థం దాదాపుగా 'అనేక వడ్డాణాలు పెట్టుకున్నది' అని. ఎక్కువగా జంటగా తిరుగుతుంది, బతికున్న పగడాలని కొరుక్కు తింటుంది. అందుకే అక్వేరియంలో పెంచడం మహా కష్టం, దయచేసి ఆ ఆలోచన పెట్టుకోకండి. పేరు చూసి జీబ్రాలా గీతలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయనుకుని ఫొటో తెరిచాను. తెల్లటి ఒంటి నిండా గోధుమరంగు చుక్కలు, కంటి మీదుగా ఒక నల్ల పట్టీ. వడ్డాణాలేవీ? ఫొటో పెద్దది చేసి చూస్తే అప్పుడు కనిపించాయి, చుక్కల వెనకాల లేత కాఫీరంగులో నిలువు చారలు, ఒకదాంట్లో ఇంకోటి కలిసిపోతూ. అచ్చం నా ఎస్‌డబ్ల్యూ 2 లాగే.

ఆ నోట్‌బుక్ ఇప్పటికీ ఉంది. "కొత్త స్టేషన్" అన్న ఎర్ర అక్షరాల పక్కన మావయ్య ఆ రాత్రే పెన్సిల్‌తో "+910" అని చిన్నగా రాసిపెట్టాడు. నేనది చూసుకున్నది నాలుగు రోజుల తర్వాత, పన్నెండో పేజీ మొదలుపెట్టబోతూ.