పెనాంగ్‌లో ఒక పూట, ఒక పూల కొట్టు

ప్రశ్న: డిసెంబరులో సింగపూర్ నుంచి క్రూజ్‌కి వెళ్తున్నాం. నేను, మావారు, పదో తరగతి చదివే పాప, డెబ్బై దాటిన మా అమ్మ. దారిలో ఓడ మలేషియాలోని పెనాంగ్‌లో ఒక పూట ఆగుతుంది. ఓడవాళ్ల బస్ టూర్ తీసుకోమని అందరూ అంటున్నారు. నాకేమో అక్కడి మనుషులు రోజూ ఎలా బతుకుతారో చూడాలని, వీలైతే వాళ్లతో కాసేపు కూర్చోవాలని ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. టైముకి ఓడ ఎక్కగలమా అన్న టెన్షన్ కూడా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పెనాంగ్‌కి నేను రెండుసార్లు ఓడలోనే వెళ్లాను. మొదటిసారి బస్ టూరే తీసుకున్నాం. నాలుగు గంటల్లో ఏడు చోట్ల దిగి ఎక్కాం. ఇవాళ ఆ ఫొటోలు చూస్తే ఏది ఎక్కడిదో చెప్పలేను. రెండోసారి మా అత్తగారితో వెళ్లాను. ఆవిడవీ మీ అమ్మగారి లాంటి మోకాళ్లే. ఎక్కువ తిరగలేకపోయాం. అదే మాకు కలిసొచ్చింది.

ఓడ ఆగే రేవు, స్వెట్టెన్‌హామ్ పియర్, పెనాంగ్ ముఖ్య పట్టణం జార్జ్ టౌన్ ఊళ్లోనే ఉంటుంది. టాక్సీ పట్టుకుని ఎక్కడికో పోనక్కర్లేదు. పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడిస్తే లిటిల్ ఇండియా. అక్కడ క్వీన్ స్ట్రీట్‌లో 1833లో కట్టిన మహామారియమ్మన్ గుడి ఉంది. దక్షిణాది గుళ్లలాగే మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లండి. పాత దుకాణాల ముందు మన అరుగుల్లాంటి కప్పు ఉన్న నడవలుంటాయి. ఎండా వానా తగలవు. కానీ ఒక దుకాణం అరుగు ఎత్తుగా, పక్కది పల్లంగా ఉంటుంది, మధ్యలో బైకులు పెట్టేస్తారు. అమ్మగారి చెయ్యి వదలకండి.

గుడి నుంచి బయటికొచ్చాక మా అత్తగారు ఇక నడవలేనన్నారు. దగ్గర్లోని పూల కొట్టు ఆవిడ అది చూసి, ఎవరూ అడక్కుండానే ప్లాస్టిక్ స్టూలు లాగి వేసింది. "సాప్టీంగళా?" అంది. తిన్నారా అని. అత్తగారిది తుని, తమిళం ఒక్క ముక్క రాదు. అయినా ఆ ప్రశ్న అర్థమైంది. తల ఊపి, ఎదురుగా ఉన్న మల్లెమొగ్గల పళ్లెం తన వైపు లాక్కుని మాల కట్టడం మొదలుపెట్టారు. ఆవిడ ముడి వేరు, మా అత్తగారి ముడి వేరు. ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు, విప్పి మళ్లీ కట్టారు. గంటన్నర అక్కడే గడిచింది. ఈలోగా పక్క టీ కొట్టు నుంచి గ్లాసుల్లో తే తారిక్ వచ్చింది. పై నుంచి కిందికి సాగదీసి నురగ తెప్పించిన పాల టీ అది. డబ్బులిస్తే ఆవిడ తీసుకోలేదు. రెండు మాలలు కొన్నాం. అత్తగారు కట్టిన మూర మాత్రం ఆ కొట్టు ఆవిడ తన జడలోనే తురుముకుంది. మా అత్తగారు ఆ సాయంత్రం ఓడలో ఎవరు కనిపించినా ఇదే చెప్పారు.

అందుకే నా సలహా: ఆరు చోట్లు పెట్టుకోకండి. ఒకటి, మహా అయితే రెండు. ఎక్కడైనా కూర్చోండి. కూర్చున్నవాళ్లనే ఎవరైనా పలకరిస్తారు.

శాకాహారం గురించి భయపడకండి, జాగ్రత్త మాత్రం అవసరం. అక్కడి చాలా వంటల్లో బెలచాన్ అనే ఎండు రొయ్యల ముద్ద పడుతుంది. ఆకుకూర వేపుడులో కూడా ఉండొచ్చు. అమ్మగారికి లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనమో, రోటీ చనాయో పెట్టించండి. ఇది మన పరోటాకి చుట్టం. పప్పు కూడా చేపల పులుసు కలపకుండా విడిగా ఇమ్మని అడగండి. మీరు ముగ్గురూ అన్నీ తినేవాళ్లయితే, చైనావాళ్ల కోపీతియామ్‌లో, అంటే కాఫీ కొట్టులో, ఒక కాఫీ తాగండి. బల్లలు ఖాళీ లేకపోతే ముక్కూమొహం తెలియనివాళ్ల బల్ల దగ్గరే కూర్చోవడం అక్కడ మామూలే. 'కోపీ ఓ' అంటే పాలు లేని కాఫీ, చక్కెర వేసే ఇస్తారు.

పాపకి చౌరస్తా మార్కెట్ చూపించండి. అవును, మన చౌరస్తానే, ఆ మాట సముద్రం దాటి అక్కడ స్థిరపడింది. జాజికాయ కండని ఊరబెట్టి అమ్ముతారు. మనకి గింజే తెలుసు, పండు తినడం అక్కడే చూశాను. కపితాన్ కెలింగ్ మసీదు దగ్గర ఆగితే ఇంకో సంగతి చెప్పండి. 1801లో మన దేశపు ముస్లిం వర్తకులు మొదలుపెట్టిన మసీదు అది. 'కెలింగ్' అన్న మాట 'కళింగ' నుంచి వచ్చిందని చెబుతారు. కాకపోతే ఇప్పుడు మనుషులని ఆ మాటతో పిలవడం అక్కడ అవమానం, పాపకి ఆ ముక్క కూడా చెప్పండి.

ఇళ్ల సంగతి. వెల్డ్ కీ అనే సముద్రపొడ్డు రోడ్డు పక్కన నీళ్ల మీద గుంజలు పాతి కట్టిన చెక్క ఇళ్ల వాడలున్నాయి. వీటినే జెట్టీలంటారు. ఒక్కో వాడలో ఒకే ఇంటిపేరువాళ్లు: ఛ్యూ, లిమ్, టాన్, లీ. ఛ్యూ జెట్టీకి జనం ఎక్కువగా వస్తారు. అది మ్యూజియం కాదు, లోపల మనుషులు అన్నం తింటుంటారు. తలుపు తీసి ఉందని తొంగి చూడకండి, ఫొటో తీయొద్దని బోర్డు పెట్టిన చోట ఫోను లోపల పెట్టేయండి. ముందు గదుల్లో చిన్న కొట్లు పెట్టుకున్నవాళ్లున్నారు. అక్కడ ఏదైనా కొనుక్కుని, మాట కలిస్తే మాట్లాడండి. తెలియనివాళ్ల ఇంట్లో కూర్చోవాలన్న కోరిక మంచిదే, కానీ పిలుపు వాళ్ల నుంచి రావాలి. రాకపోతే ఆ వీధి చివర సముద్రం వైపు కాసేపు నిలబడి వచ్చేయండి.

ఇక టైము. సొంతంగా తిరిగేవాళ్ల కోసం ఓడ ఆగదు. బయలుదేరే టైము కాదు, అందరూ ఎక్కేయాల్సిన టైము చూసుకోండి, దిగే ముందు దాన్ని ఫొటో తీసుకోండి. నేనైతే దానికి గంటన్నర ముందే పియర్ వైపు తిరుగుతాను. మీరు అంతా నడక దూరంలోనే ఉంటారు కాబట్టి ట్రాఫిక్ భయం కూడా ఉండదు. పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలా, ఓడ కార్డు చాలా అన్నది ముందు రోజు రిసెప్షన్‌లో అడిగేయండి.

ప్రశ్న: తమిళం, మలయ్ రెండూ రావు. ఇంగ్లీషు అంతంతమాత్రం. అలాంటివాళ్లం పెనాంగ్‌లో ఎవరితోనైనా ఎలా మాట కలపాలి?
– మరో పాఠకుడు, నల్గొండ

జవాబు: నాలుగు మాటలు చాలు. 'తెరిమా కాసీ' అంటే థాంక్స్. పెద్దావిడని 'మక్ చిక్' అనీ, పెద్దాయనని 'పక్ చిక్' అనీ పిలవండి. మనం పిన్నిగారూ, బాబాయిగారూ అన్నట్టే. 'సుదా మకాన్?' అంటే తిన్నారా అని. మన ఊళ్లో లాగే అక్కడా పలకరింపు అదే. వాళ్లే ముందు మిమ్మల్ని అడిగితే, తినకపోతే 'బెలుమ్' అనండి, ఇంకా లేదని. మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో వాళ్లే చెయ్యి చూపిస్తారు.