గ్లూటెన్ పడని స్నేహితురాలికి ఒకే గిన్నెలో వేడివేడి భోజనం

ప్రశ్న: చదువు కోసం ఈమధ్యే విదేశానికి వచ్చాను. నాతో ఇల్లు పంచుకుంటున్న అమ్మాయికి సీలియాక్ జబ్బు ఉంది, గోధుమలు అసలు తినకూడదు. చలి బాగా ముదిరింది. ఒక సాయంత్రం మా ఇద్దరికీ, ఇంకో ఇద్దరు స్నేహితులకీ కలిపి వేడిగా ఏదైనా వండి పెట్టాలని ఉంది. నా దగ్గర ఉన్నది ఒక్క పెద్ద గిన్నె. ఏం వండాలి? తెలియక ఆమెకు హాని చేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఒక్క గిన్నే ఉందని మీరు లోటుగా చెప్పారు గానీ, ఈ వంటకి అదే మేలు. గ్లూటెన్ లేని భోజనం చెడిపోయేది ఎక్కువగా ప్రధాన దినుసుల వల్ల కాదు. పక్కన వాడిన గరిటె, నీళ్లు వడకట్టిన చిల్లుల గిన్నె, చివర్లో వేసిన చిటికెడు పొడి, వీటి వల్ల. గిన్నెలు ఎన్ని తక్కువైతే పొరపాటుకి చోటు అంత తక్కువ. బియ్యం, మాంసం, పప్పులు, కూరగాయలు, నూనె, విడి మసాలా దినుసులు సహజంగానే గ్లూటెన్ లేనివి. వాటితో శుభ్రమైన ఒకే గిన్నెలో వండితే ప్రత్యేకమైన పిండ్లూ రొట్టెలూ ఏవీ కొనక్కర్లేదు.

ముందు జబ్బు సంగతి. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో ఉండే మాంసకృత్తుల్ని కలిపి గ్లూటెన్ అంటారు. సీలియాక్ ఉన్నవాళ్ల శరీరం దానికి స్పందించి, తన చిన్నపేగు లోపలి పొరని తానే దెబ్బతీసుకుంటుంది. ప్రపంచంలో సుమారు వందమందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం. నెదర్లాండ్స్‌లో విల్లెమ్ డికే అనే పిల్లల డాక్టరుకి గోధుమ మీద ముందునుంచీ అనుమానం ఉండేది. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ కరువొచ్చి రొట్టె దొరకనప్పుడు, ఈ జబ్బున్న పిల్లల పరిస్థితి చూశాక ఆయన అనుమానం బలపడింది. 1950లో ఆ పరిశీలనల్ని సిద్ధాంత గ్రంథంగా రాశారు. ఇది ఫ్యాషన్ కోసం పాటించే డైటింగ్ కాదని మీ మిగతా స్నేహితులకి కూడా చెప్పండి. 'కొంచెం తింటే ఏమవుతుందిలే' అని ఆమెను ఎవరూ బలవంతపెట్టకూడదు. ఆ కొంచెమే హాని చేస్తుంది.

ఉడికిస్తే గ్లూటెన్ పోతుందని కొందరు అనుకుంటారు. పోదు. అది క్రిమి కాదు, వేడికి చావడానికి. ఓవెన్‌లో పెట్టినా, గంటసేపు మరిగించినా అలాగే ఉంటుంది. దాన్ని వదిలించేది సబ్బూ నీళ్లూ, బాగా తోమడమూ. అందుకే వంట మొదలుపెట్టేముందు ఆ గిన్నెనీ, మూతనీ, ఒక స్టీలు గరిటెనీ కొత్త స్పాంజితో తోమి పెట్టుకోండి. రోజూ వాడే చెక్క గరిటె, గీతలుపడ్డ కటింగ్ బోర్డ్, చపాతీ పిండి అంటిన స్పాంజి ఆ పూటకి పక్కన పెట్టేయండి. కూరగాయలు తరగడానికి శుభ్రమైన పింగాణీ పళ్లెం చాలు. బియ్యాన్ని చిల్లుల గిన్నెలో వడకట్టకండి, అందులో ఎప్పుడైనా పాస్తా వడకట్టి ఉంటే ఆ కంతల్లో జిగురు మిగిలే ఉంటుంది. చేత్తో ఒంచేస్తే సరిపోతుంది.

ఇక దుకాణంలో మోసపోయే చోట్లు. వీటి గురించి కాస్త ఎక్కువే చెప్తాను, కొత్తగా వచ్చినవాళ్లకి కష్టమంతా ఇక్కడే.

మన వంటింట్లో మొదట చూడాల్సింది ఇంగువ. డబ్బాల్లో దొరికే ఇంగువ పొడిలో చాలావాటిల్లో గోధుమ పిండి కలిపి ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, మనమే చదవం. ఇంగువ వేసిన మసాలా పొడులన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఈ వంటలో అలా కలిపి అమ్మే మసాలా పొడుల జోలికి వెళ్లకుండా మిరియాలు, జీలకర్ర, దాల్చినచెక్క, బిర్యానీ ఆకు లాంటివి విడిగా వాడండి. మామూలు సోయా సాస్ గోధుమతోనే చేస్తారు. సూప్ ఘుమఘుమలాడటానికి వేసే స్టాక్ క్యూబుల్లో గోధుమ ఉండేవి చాలా ఉన్నాయి. మాల్ట్ అని కనిపిస్తే అది సాధారణంగా బార్లీ. రవ్వ, సేమియా, మైదా అన్నీ గోధుమే అని మీకు తెలుసు. కూస్‌కూస్, బుల్గర్, స్పెల్ట్, ఫారో అని పేర్లు మారినా అవీ గోధుమ కుటుంబానివే. బక్‌వీట్‌కి మాత్రం ఆ పేరేగానీ గోధుమతో సంబంధం లేదు. పులుసు చిక్కబడటానికి కార్న్‌ఫ్లోర్ కొంటే మొక్కజొన్నతో చేసిందేనా అని చూడండి. ఆస్ట్రేలియాలో గోధుమతో చేసిన పిండిని కూడా ఆ పేరుతో అమ్ముతారు.

లేబుల్ చదివే పద్ధతి దేశాన్ని బట్టి మారుతుంది. ఐరోపా దేశాల్లో గ్లూటెన్ ఉన్న ధాన్యాల పేర్లు దినుసుల జాబితాలో విడిగా, కొట్టొచ్చినట్టు కనిపించేలా అచ్చువేయాలి. అమెరికాలో అలర్జీ చట్టం ప్రకారం తప్పనిసరిగా చెప్పాల్సింది గోధుమని మాత్రమే, బార్లీ, రై దాని కిందికి రావు. అందువల్ల 'గోధుమ లేదు' అన్న మాట చూసి నిశ్చింతగా ఉండకండి. 'గ్లూటెన్ ఫ్రీ' అని ఉంటే అది వేరే లెక్క. అమెరికాలోనూ ఐరోపాలోనూ అలా రాయాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకి మించకూడదు. ఓట్స్ కొంటే ఆ ముద్ర ఉన్నవే కొనాలి, పొలంలోనూ మిల్లులోనూ గోధుమ కలిసే అవకాశం ఎక్కువ. అయినా ఓట్స్ పడని సీలియాక్ వాళ్లు కొందరు ఉంటారు కాబట్టి ఆమెను అడక్కుండా వాడకండి.

మీ ఇంట్లోనే ఉన్న ఇంకో ప్రమాదం వెన్న డబ్బా. బ్రెడ్‌కి రాసిన చాకుతోనే మళ్లీ అందులో ముంచి ఉంటారు. ఆ పూటకి కొత్త ప్యాకెట్ విప్పండి, లేదా సీసాలోంచి నూనె పోయండి.

ఇప్పుడు వంట. చలికి నాకు బాగా నచ్చేది కోడి తొడ ముక్కలతో కలిపి ఒకే గిన్నెలో ఉడికే అన్నం. నలుగురికి ఎముక, చర్మం ఉన్న తొడ ముక్కలు ఆరు తీసుకోండి. మెత్తటి రొమ్ము మాంసం వద్దు, అన్నం ఉడికేలోగా పీచుపీచుగా అయిపోతుంది. తొడ మాంసం ఎంత ఉడికినా మృదువుగా ఉంటుంది, దాని కొవ్వు అన్నానికి రుచినిస్తుంది. కోడిని సింకులో కడగొద్దు. మనకి అలవాటే కానీ, ఆ నీళ్లు చిమ్మి చుట్టుపక్కల సామాన్లన్నిటికీ క్రిములు అంటుకుంటాయని బ్రిటన్, అమెరికా ఆహార భద్రత సంస్థలు రెండూ చెప్తున్నాయి. కాగితంతో తడి అద్దేయండి. ఒకటిన్నర చెంచా ఉప్పు, అర చెంచా పసుపు, చెంచా మిరియాల పొడి, చెంచా కారం పట్టించి అరగంట ఉంచండి.

ఈలోగా ఒకటిన్నర కప్పుల పొడుగు గింజ బియ్యం కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి నీళ్లు ఒంచేయండి. రెండు పెద్ద ఉల్లిపాయలు, రెండు క్యారెట్లు, రెండు టమాటాలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం ముక్క తరిగి ఉంచుకోండి.

గిన్నెని మధ్యస్థపు మంట మీద పెట్టి కొద్దిగా నూనె వేసి, చర్మం వైపు కిందికి ఉండేలా ముక్కలు పరవండి. ఏడెనిమిది నిమిషాలు కదపకండి. అడుగున అంటుకున్నట్టు అనిపించినా లాగొద్దు, చర్మం బంగారు రంగుకి వచ్చాక దానంతటదే వదులుతుంది. మంట పెద్దది చేయకండి. చలికాలంలో కిటికీలన్నీ మూసి ఉంటాయి, కొన్ని ఇళ్లలో పొయ్యి పైన ఉండే ఫ్యాన్ పొగని బయటికి పంపకుండా మళ్లీ గదిలోకే వదులుతుంది. నూనె పొగలు కక్కిందంటే స్మోక్ అలారం మోగి అందరూ చలిలో బయట నిలబడాల్సి వస్తుంది. ఇక్కడ గట్టి పోపులు పెట్టడం కన్నా ఇలా నిదానంగా వండటమే మంచిదని నా అభిప్రాయం.

ముక్కలు పళ్లెంలోకి తీసి, అదే కొవ్వులో చిన్న దాల్చినచెక్క, బిర్యానీ ఆకు, చెంచా జీలకర్ర, ఆపైన ఉల్లిపాయలు వేయండి. ఉల్లిపాయలకి తొందరపడకండి, పది నిమిషాలైనా వేగి రంగు మారాలి. ఆ తియ్యదనం మీదే ఈ వంట నిలబడుతుంది. తర్వాత అల్లం వెల్లుల్లి, క్యారెట్, టమాటా. టమాటా నుంచి నీరు రాగానే అడుగున అంటుకున్న గోధుమరంగు పొరని గరిటెతో గీకి కలిపేయండి. స్టాక్ క్యూబ్ అవసరం లేకుండా చేసేది ఆ పొరే. బియ్యం వేసి ఒక నిమిషం తిప్పి, రెండుంబావు కప్పుల వేడినీళ్లు, సరిపడా ఉప్పు వేయండి. నీళ్లు తక్కువనిపిస్తాయి. కానీ బియ్యం నానింది, టమాటా, కోడి కూడా నీరు వదులుతాయి.

తెర్లాక, పళ్లెంలోని ముక్కల్ని ఊరిన రసంతో సహా అన్నం పైన చర్మం పైకి ఉండేలా సర్ది, గట్టి మూత పెట్టండి. ఓవెన్ ఉంటే ముందుగా 180 డిగ్రీల సెల్సియస్‌కి వేడిచేసి ముప్పైఐదు నిమిషాలు ఉంచండి. గిన్నె పిడి, మూత పిడి ప్లాస్టిక్‌వి అయితే ఓవెన్‌లో పెట్టకండి. అప్పుడు పొయ్యి మీదే అతి తక్కువ మంటపై పాతిక నిమిషాలు చాలు. అద్దపు పలక ఉన్న కరెంటు పొయ్యి ఆపేశాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది కాబట్టి, అడుగు మాడకుండా ఉండాలంటే గిన్నెని పక్కకి జరపాలి. దించాక పది నిమిషాలు మూత తీయొద్దు. ఎముక దగ్గర కోడి లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, చిన్న వంట థర్మామీటర్ ఒకటి కొనుక్కోవడం మంచి పెట్టుబడి. చివర్లో గుప్పెడు పాలకూర అన్నంలోకి తోసి, నిమ్మకాయ పిండండి. పాలకూర ఆ వేడికే మగ్గిపోతుంది. ఓవెన్‌లోంచి తీసిన గిన్నె పిడి మీద ఒక మందపాటి గుడ్డ కప్పి ఉంచండి, చల్లగా ఉందనుకుని ఎవరో ఒకరు పట్టుకుంటారు.

మాంసం తినని స్నేహితులుంటే కోడి బదులు రెండు డబ్బాల ఉడికిన శనగలు, పెద్ద ముక్కలుగా కోసిన గుమ్మడికాయ వేయండి. నీళ్లలో సగం కొబ్బరిపాలు పోస్తే కోడి కొవ్వు లేని లోటు తెలియదు. ఎండు మసూర్ పప్పు వేస్తే మాత్రం పళ్లెంలో పరిచి ఏరండి. పప్పుల్లో గోధుమ గింజలు కలిసి రావడం మామూలే, పంట కోతలోనూ రవాణాలోనూ అవి కలుస్తాయి. శనగపిండికీ ఇదే ఇబ్బంది, అందుకే దానికి గ్లూటెన్ ఫ్రీ ముద్ర చూసి కొనాలి.

భోజనానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది, నా దృష్టిలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. మీరు వాడిన ప్యాకెట్లు, డబ్బాలు పారేయకుండా గట్టు మీద పెట్టి ఆమెను చూడమనండి. ఈ జబ్బుతో బతికేవాళ్లు బయట ఎవరింట్లో తినాలన్నా పదిసార్లు అడగాల్సి వస్తుంది, అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటపడి చాలామంది తినకుండానే వచ్చేస్తారు. మీరే ముందుగా చూపిస్తే ఆమెకు అడగాల్సిన ఇబ్బంది ఉండదు. ఆమె దేనికైనా వద్దంటే నొచ్చుకోకండి. బల్ల మీద ఆమెకే మొదట వడ్డించండి. ఇంకెవరైనా బ్రెడ్ తెచ్చుకుంటే దాన్ని వేరే బల్ల మీద పెట్టమనండి, బ్రెడ్ ముట్టుకున్న చేత్తో మళ్లీ గరిటె పట్టుకోకుండా చూడండి.

మీ ప్రశ్నలో లేదు గానీ చాలామంది కొత్తవాళ్లకి పనికొస్తుందని ఇంకో విషయం చెప్తాను. మీకే పొట్ట ఉబ్బరం, విరేచనాలు, తగ్గని రక్తహీనత ఉండి సీలియాక్ ఏమోనని అనుమానం వస్తే, డాక్టరు దగ్గరికి వెళ్లేదాకా గోధుమ మానకండి. రక్తపరీక్షలో చూసే యాంటీబాడీలు గ్లూటెన్ తింటున్నంతకాలమే సరిగ్గా కనిపిస్తాయి. ముందే మానేస్తే జబ్బు ఉన్నా పరీక్షలో లేదని రావచ్చు.

మిగిలిన అన్నం గిన్నెలోనే వదిలేయకండి. బయట మంచు కురుస్తున్నా హీటర్ వేసిన గది వెచ్చగానే ఉంటుంది, అన్నంలో పెరిగే ఒకరకం బ్యాక్టీరియా విషం మళ్లీ వేడిచేసినా పోదు. గంటలోపు, మహా అయితే రెండు గంటల్లోపు వెడల్పాటి డబ్బాలో పలచగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు పొగలొచ్చేదాకా ఒక్కసారే వేడిచేయండి. ఆమె వాటాని మొదటే వేరే డబ్బాలో తీసి పేరు రాసి పై అరలో ఉంచండి. కింది అరలో పెడితే పైనున్న బ్రెడ్ పొడి రాలే అవకాశం ఉంది.