ల్యాబ్ నుంచి జవాబు రావాలంటే

ప్రశ్న: బీఎస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. వేసవిలో ఏదైనా ల్యాబ్‌లో పనిచేయాలని 40 మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాను. ఒక్కరూ జవాబివ్వలేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: బహుశా అందరికీ ఒకే మెయిల్ వెళ్లి ఉంటుంది. ‘మీ పరిశోధన నన్నెంతో ఆకట్టుకుంది’ అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది కాబట్టే ఎవరినీ కదిలించదు. ఆరేడుగురినే ఎంచుకోండి. ఒక్కొక్కరివి ఇటీవలి పేపర్లు రెండు చదవండి. 1991లో మొదలైన ప్రీప్రింట్ల (జర్నళ్లలో అచ్చుకాక ముందే పంచుకునే పేపర్ల) ఆన్‌లైన్ భాండాగారం ఆర్కైవ్ (arXiv)లో ఫిజిక్స్ పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. అంతా అర్థం కానక్కర్లేదు. సారాంశం, గ్రాఫులు, ముగింపు చూసి, ఏదో ఒక గ్రాఫు మీద మీకు నిజంగా కలిగిన సందేహం రాయండి. మెయిల్‌కు ప్రాణం అదే.

మొత్తం 150 మాటలు దాటొద్దు. ఏం చదువుతున్నారో, ఏ నెలల్లో ఎన్ని వారాలు రాగలరో సబ్జెక్ట్ లైన్‌లోనే ఉండాలి. ‘త్వరగా నేర్చుకుంటాను’ అనకండి. పైథాన్‌లో గ్రాఫులు గీయగలను, సోల్డరింగ్ వచ్చు అని పని పేరుపెట్టి చెప్పండి. ఒక పేజీ రెజ్యూమె, మార్కుల జాబితా పీడీఎఫ్‌గా జతచేయండి. పది రోజులయ్యాక ఒక్కసారి గుర్తుచేయండి, అంతే.

వేసవికి నాలుగైదు నెలల ముందే రాయడం మంచిది. ఐరోపా దేశాలు కలిసి జెనీవా దగ్గర నడిపే కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్ (CERN) వేసవి కార్యక్రమానికి, దాని సభ్యదేశాలు కాని చోట్ల చదివేవారూ దరఖాస్తు చేయొచ్చు. కానీ ఆ వేసవికి యూనివర్సిటీ స్థాయిలో మూడేళ్ల చదువు పూర్తయి ఉండాలి. కాబట్టి అది మీకు వచ్చే ఏడాది మాట. సిఫారసు లేఖ కోసం మాత్రం, మీ ప్రాక్టికల్స్ దగ్గరుండి చూసిన లెక్చరర్‌ను ఇప్పుడే అడిగి ఉంచండి.