జీరాలో బగ్ ఫారంను ఎవరు పడితే వాళ్లు మార్చకుండా ఉండాలంటే

అన్నా, సాఫ్ట్‌వేర్ టీమ్‌లు పనులు, తప్పులు (బగ్‌లు) నమోదు చేసుకునే జీరాలో, మీ మడికొండ టీమ్ బగ్ ఫారం నుంచి ఫీల్డులు, అంటే నింపాల్సిన గడులు, రోజుకొకటి మాయమవుతున్నాయని, ఎవరు తీస్తున్నారో తెలియట్లేదని రాశారు కదా. ముందు మీ ప్రాజెక్టు టీమ్-మేనేజ్డా (సెట్టింగ్స్ టీమే చూసుకునేది), కంపెనీ-మేనేజ్డా (సెట్టింగ్స్ కంపెనీ మొత్తానికి జీరా అడ్మిన్ చూసేది) చూడండి, ఎందుకంటే దారి అక్కడే రెండుగా చీలుతుంది.

టీమ్-మేనేజ్డ్ అయితే పని తేలిక. అడ్మినిస్ట్రేటర్ రోల్ ఉన్నవాళ్లే ఫీల్డులు మార్చగలరు. సెట్టింగ్స్‌లో 'యాక్సెస్' అనే పేజీకి వెళ్లి, ఇద్దరిని అడ్మినిస్ట్రేటర్లుగా ఉంచి మిగతావాళ్లను మెంబర్ చేయండి. మెంబర్లు కూడా టికెట్లు (బగ్‌ల నమోదులు) మామూలుగానే పెట్టుకుంటారు.

కంపెనీ-మేనేజ్డ్‌లో మాత్రం కాస్త ఓపిక కావాలి. పర్మిషన్ స్కీమ్‌లో, అంటే ఎవరు ఏం చేయొచ్చో రాసి ఉండే జాబితాలో, 'అడ్మినిస్టర్ ప్రాజెక్ట్స్' దగ్గర ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ అడ్మినిస్ట్రేషన్ అని ఒక టిక్ ఉంటుంది, అది ఉంటే ప్రాజెక్టు అడ్మిన్లు కూడా, ఆ ఫారం స్క్రీన్ (ఏ ఫీల్డులు కనిపించాలో చెప్పే అమరిక) వేరే ప్రాజెక్టులతో పంచుకోనిదైతే, ఫీల్డులు తీసేయగలరు, కలపగలరు. ఆ టిక్ తీసేస్తే స్క్రీన్లు జీరా అడ్మిన్ చేతిలోనే ఉంటాయి. కానీ ఆ స్కీమ్‌ను వేరే ప్రాజెక్టులు కూడా వాడుతుంటే వాళ్లకీ మారిపోతుంది, అందుకే ముందు కాపీ చేసి, మీ ప్రాజెక్టుకు ఆ కాపీనే తగిలించండి.

మా హనుమకొండ ఆఫీసులో రిలీజ్ ముందు రోజు ఎవరో 'బగ్ ఎలా వచ్చింది' అనే ఫీల్డు తీసేశారు. టెస్టింగ్ చేసే అమ్మాయి రాత్రి పదింటిదాకా ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అడిగి రాసుకుంది, ఆ టెన్షన్ ఎవరికీ వద్దు. ఫీల్డు స్క్రీన్ నుంచి తీసినంత మాత్రాన పాత డేటా పోదు, మళ్లీ కలిపితే కనిపిస్తుంది, కాబట్టి ఈ రాత్రికే కలిపేయండి.