బాస్ ఫిషింగ్‌కి ఏ కాస్టింగ్ రాడ్ తీసుకోవాలి?

బాస్ చేపలు పట్టే అన్ని టెక్నిక్స్‌కీ ఒకే రాడ్ (గాలపు కర్ర) సరిపోతుందా అని అడిగారు కదా, ఒక్కటే కొనాలంటే 7 అడుగుల మీడియం హెవీ పవర్, ఫాస్ట్ యాక్షన్ (కొన దగ్గరే వంగేది) తీసుకోండి, జిగ్, టెక్సస్ రిగ్, స్పిన్నర్‌బెయిట్ లాంటి ల్యూర్లు (కృత్రిమ ఎరలు) అన్నీ దాంతో నడిచిపోతాయి. ఇబ్బందల్లా క్రాంక్‌బెయిట్ అనే చేప ఆకారపు ఎరతోనే. దానికుండేవి ట్రెబుల్ హుక్స్ (మూడు కొక్కేల గాలాలు), రాడ్ మరీ గట్టిగా ఉంటే చేప తల విదిలించగానే ఊడొచ్చేస్తాయి, అందుకే దాదాపు సగం దాకా వంగే మోడరేట్ యాక్షన్ కావాలి. చాలామంది పవర్, యాక్షన్ ఒకటే అనుకుంటారు, కాదండీ, పవర్ అంటే రాడ్ వంచడానికి ఎంత బలం కావాలని, యాక్షన్ అంటే ఎక్కడ్నుంచి వంగుతుందని. దట్టమైన నాచులో ఫ్రాగ్ (కప్ప ఆకారపు ఎర) వేస్తే మాత్రం 7 అడుగుల పైన హెవీ రాడ్, 50 నుంచి 65 పౌండ్ల బలం తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన గాలపు దారం) తీసుకుని, మొహమాటం లేకుండా లాగేయాలి. అన్నట్టు రాడ్ మీద ఎంత బరువు ల్యూర్ వాడొచ్చో రాసుంటుంది, కొనేముందు అది చూడండి.