సైన్స్ పార్కులో ప్రయోగశాల బెంచీ తీసుకునే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానికి జతచేసిన ప్రతిపాదనా రెండూ చదివాను. పైకి లక్షణాలేవీ కనిపించని దశలోనే గేదెల పొదుగువాపును పాలచుక్కతో పట్టుకునే పరీక్ష పట్టీ (స్ట్రిప్) తయారు చేయాలన్న ఆలోచన మంచిదే. పొదుగు గట్టిపడి, పాలల్లో తరకలు కనిపించేదాకా మన పాడిరైతుకు జబ్బు సంగతి తెలియదు. అప్పటికే దిగుబడి పడిపోయి ఉంటుంది. పశువైద్యులు చేసే కాలిఫోర్నియా పరీక్షలో నాలుగు గిన్నెల పలకలోకి నాలుగు చన్నుల పాలు విడివిడిగా పిండి, డిటర్జెంటు ద్రావణం కలిపి తిప్పుతారు. జబ్బున్న పాలు జిగురుగా చిక్కబడతాయి. అయితే ఎంత చిక్కబడితే ఎంత జబ్బు అన్నది చూసేవారి కంటిని బట్టి మారుతుంది. నీ పట్టీ ఆ అంచనా అవసరం లేకుండా చేయగలిగితే దానికి గిరాకీ ఉంటుంది. కనుక ఆలోచనను నేను ముట్టుకోను. హైదరాబాదుకు ఉత్తరాన తుర్కపల్లిలో, కంపెనీలకు ప్రయోగశాలలు అద్దెకిచ్చే సైన్స్ పార్కులో చోటు తీసుకోవాలా, తీసుకుంటే ఏం దక్కుతుంది, వాళ్లతో ఎలా మాట్లాడుకోవాలి అని అడిగావు గదా, దానికే జవాబు రాస్తున్నాను.

1993లో వరప్రసాద్ రెడ్డి గారు శాంతా బయోటెక్నిక్స్ స్థాపించే నాటికి హైదరాబాదులో బయోటెక్ కంపెనీకి అద్దెకు దొరికే ప్రయోగశాల అంటూ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, తరువాత కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీలోనూ వారికి కాస్త చోటిచ్చారు కనుక పరిశోధన సాగింది, 1997లో హెపటైటిస్-బి టీకా బయటికి వచ్చింది. ప్రభుత్వ ప్రయోగశాల తలుపు తెరుచుకోకపోతే ఆ టీకా ఎప్పటికి వచ్చేదో చెప్పలేం. శామీర్‌పేట, తుర్కపల్లి పరిసరాలు 1999లో బయోటెక్ కంపెనీల కేంద్రంగా, జీనోమ్ వ్యాలీ అయ్యాయి. ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కుగా మొదలై ఇప్పుడు ఐకేపీగా పిలుస్తున్న 200 ఎకరాల ప్రాంగణం కూడా అప్పుడే వచ్చింది. అంతకు ముందు ఒక డైరెక్టరు గారి మంచితనం మీద ఆధారపడిన సౌకర్యాన్ని రేటు కార్డు చూసి అడిగి తీసుకోగలిగేలా చేయడమే ఇలాంటి పార్కుల వల్ల జరిగిన అసలు మేలని నా అభిప్రాయం. మొహమాటం లేకుండా అడుగు, డబ్బు కట్టు, రసీదు తీసుకో.

నీ పనికి కావలసిన వాటిని ఒక కాగితం మీద రాసుకుంటే ఆ మేలు ఎంతో నీకే అర్థమవుతుంది. ఈ-కోలై బాక్టీరియాలో నీ యాంటీబాడీని, అంటే పట్టీలో జబ్బు గుర్తును పట్టుకునే ప్రొటీనును, పెంచడానికి షేకర్ ఇంక్యుబేటరు కావాలి, కణాలను చిదిమి తేర్చడానికి శీతల సెంట్రిఫ్యూజు కావాలి, శుద్ధి చేయడానికి ప్రొటీన్లను వేరుచేసే ఎఫ్‌పీఎల్‌సీ యంత్రం కావాలి, దాచుకోవడానికి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు కావాలి. వీటిలో నువ్వు రోజూ వాడేవి రెండో మూడో, నెలకు ఒకసారి వాడేవే ఎక్కువ. నెలకొకసారి వాడే యంత్రాన్ని సొంతంగా కొన్న కంపెనీ మొదటి ఏడాదిలోనే జీతాలకు తడుముకోవడం చాలాసార్లు చూశాను. యంత్రాల సంగతి అలా ఉంచి, కంటికి కనిపించని ఖర్చులు వేరే ఉన్నాయి: గాలిని శుద్ధి చేసే ఏర్పాటు, రసాయన వ్యర్థజలాల శుద్ధి, కరెంటు పోతే వెంటనే అందుకునే జనరేటరు, వ్యర్థాలను పసుపు, ఎరుపు సంచుల్లో వేరుచేసి అధీకృత సంస్థకు అప్పగించే ఒప్పందం. ఊళ్లో అద్దె భవనం తీసుకుని ఇవన్నీ నువ్వే సమకూర్చుకోవాలంటే ప్రయోగం మొదలయ్యేసరికి ఏడాది గడిచిపోతుంది.

చోటు చూడడానికి వెళ్లినప్పుడు మీటింగు హాలులో వాళ్లు చూపించే స్లయిడ్లకు ఎక్కువ సమయం ఇవ్వకు. నేరుగా ఫ్రీజర్ల గదికి తీసుకెళ్లమని అడుగు. తలుపు మీద అంటించిన ఉష్ణోగ్రత నమోదు పట్టికలో ఆదివారాలు, పండుగ రోజులు ఖాళీగా ఉన్నాయేమో చూడు. ఖాళీగా ఉంటే సెలవు రోజున అలారం మోగినా వినేవారు లేరన్నమాట, నీ రెండేళ్ల నమూనాలు అందులో పెట్టడం క్షేమం కాదు. తరువాత ఎఫ్‌పీఎల్‌సీ బుకింగ్ రిజిస్టరు తిరగేయి. ఒకే కంపెనీ పేరు పేజీల కొద్దీ ఉంటే నీకు స్లాటు దొరకదు. ఎవరి పేరూ లేకపోతే యంత్రం పనిచేయడం లేదో, నడిపే మనిషి వెళ్లిపోయాడో అనుకోవాలి. యంత్రం కంటే దాన్ని నడిపే టెక్నీషియను ముఖ్యం. అతనితో పది నిమిషాలు మాట్లాడు, ప్రొటీన్లను వేరుచేసే గొట్టం, అంటే కాలమ్, మూసుకుపోతే ఏం చేస్తారని అడుగు. చెప్పే జవాబును బట్టి ఆ పార్కు ఏపాటిదో తెలిసిపోతుంది.

ఇక తుర్కపల్లి సంగతి. ఇది నీకు నచ్చకపోవచ్చు. మొదటి దశలో నువ్వు అక్కడికి వెళ్లవద్దని నా సలహా. నీ పట్టీ చూపించే ఫలితాన్ని పాలలోని సొమాటిక్ కణాల (పశువు ఒంటినుంచి పాలలోకి వచ్చే, జబ్బు చేస్తే పెరిగే కణాల) లెక్కతో సరిపోల్చాలి గదా. ఆవుల్లో మిల్లీలీటరుకు 2 లక్షల కణాలు దాటితే పొదుగులో ఇన్ఫెక్షను ఉందని అనుమానించడం వాడుక. గేదెలకు హద్దు ఎక్కడ పెట్టాలో నువ్వే తేల్చుకోవాల్సి ఉంటుంది. పాలను ఫ్రీజరులో పెట్టి గడ్డకట్టిస్తే కణాలు చితికిపోతాయి. కాబట్టి నమూనాను చల్లగా ఉంచి వీలైనంత త్వరగా లెక్కపెట్టాలి. అంటే నీకు రోజూ కావలసింది పాలు పంపే పశువుల కొట్టాలు, లెక్కపెట్టే ప్రయోగశాల, సందేహం వస్తే అడగడానికి పశువైద్యులు. గచ్చిబౌలిలో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఉంది. ఆ పక్కనే హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆస్పైర్-బయోనెస్ట్ అనే, కొత్త కంపెనీలకు చోటూ సాయమూ ఇచ్చే ఇంక్యుబేటరు ఉంది. పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో, అటువైపే ఉంది. తుర్కపల్లి నగరానికి ఉత్తరాన, రాజీవ్ రహదారి మీద, వీటన్నిటికీ అవతలి కొసన ఉంది. నమూనాల పెట్టె పట్టుకుని రోజూ నగరం దాటడం నీ వల్ల కాదు. నీ పట్టీ గుణం మీద నీకు నమ్మకం కుదిరి, వేల సంఖ్యలో ఒకే నాణ్యతతో తయారు చేయాల్సిన రోజు వస్తుంది. తయారీ కంపెనీలు, వాటికి సరఫరా చేసేవాళ్లు, నాణ్యతా విభాగాల్లో పనిచేసి వచ్చిన అనుభవజ్ఞులు అందరూ చుట్టుపక్కలే దొరికే జీనోమ్ వ్యాలీ అప్పుడు నీకు సరైన చోటు. ఉప్పల్ రోడ్డులో సీసీఎంబీ ప్రాంగణంలో నడిచే అటల్ ఇంక్యుబేషన్ సెంటరును కూడా ఒకసారి చూసిరా. మనుషుల రోగనిర్ధారణ వైపు వెళ్లే ఉద్దేశం ఎప్పటికైనా ఉంటే అక్కడి పరిచయాలు పనికొస్తాయి.

డబ్బు విషయానికి వస్తే, కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం కింద 2012లో ఏర్పడిన బైరాక్ సంస్థ కొత్త ఆలోచనలకు ఇచ్చే బిగ్ (బయోటెక్నాలజీ ఇగ్నిషన్ గ్రాంట్) గ్రాంటుకు దరఖాస్తు చెయ్యి. 18 నెలలకు 50 లక్షల రూపాయల దాకా ఇస్తారు, కంపెనీలో వాటా అడగరు, మేధో సంపత్తి నీదిగానే ఉంటుంది. సొంత ప్రయోగశాల లేనివారు ఏదో ఒక ఇంక్యుబేటరులో చేరి ఉండాలన్న షరతు ఉంది కాబట్టి, పార్కుతో ఒప్పందం చేసుకోవడానికి ఇదీ ఒక కారణమే. సొమ్మంతా ఒకేసారి రాదు. నువ్వు పెట్టుకున్న మైలురాళ్లు దాటుతున్న కొద్దీ విడతలుగా వస్తుంది. దరఖాస్తులో మైలురాళ్లను రాసేటప్పుడు ‘పట్టీ అభివృద్ధి’ అని గాలిలో దీపం పెట్టినట్టు రాస్తే సమీక్షకులు ఒప్పుకోరు. ఎన్ని గేదెల పాలు, ఏ ఊళ్లనుంచి, ఏ పరీక్షతో సరిపోల్చి, ఎంత శాతం సరిగ్గా పట్టుకుంటే విజయమని భావిస్తావో అంకెల్లో రాయాలి. కొన్ని ఇంక్యుబేటర్లు అద్దెతోపాటు కంపెనీలో కొంత వాటా కూడా అడుగుతాయి. అడగడం తప్పు కాదు గానీ, ఆ వాటాకు బదులుగా ఏమిస్తారో రాతపూర్వకంగా చెప్పమను. ‘మార్గదర్శకత్వం’ అని మాత్రమే రాస్తే సంతకం పెట్టకు.

పరిశోధన భాగస్వామ్యం గురించి నువ్వు ఒక్క వాక్యంలో అడిగావు, కానీ నేను ఎక్కువగా రాయాల్సింది దాని గురించే. మన జీనోమ్ వ్యాలీ నుంచి వచ్చిన రోటావాక్ టీకా చూడు, పసిపిల్లల్లో రోటావైరస్ విరేచనాలను ఆపేది. 116ఈ అనే రోటావైరస్ రకాన్ని 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి ఎం.కె. భాన్ గారి బృందం వేరుచేసింది. బయోటెక్నాలజీ విభాగం, అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, పాథ్ అనే లాభాపేక్ష లేని ఆరోగ్య సంస్థ తలో చేయి వేశాయి, భారత్ బయోటెక్ తయారీ బాధ్యత తీసుకుంది. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో దాదాపు 6,800 మంది శిశువులతో మూడో దశ పరీక్షలు జరిగాయి, టీకా 2015 మార్చిలో విడుదలైంది. వైరస్ దొరికిన నాటి నుంచి టీకా బిడ్డ నోట్లో పడేదాకా దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. ఇంతమంది ఇంతకాలం కలిసి పనిచేయగలిగారంటే ఎవరి పని ఏమిటో, ఎవరి హక్కు ఎంతవరకో మొదటినుంచీ స్పష్టంగా ఉండబట్టే అని నేను నమ్ముతాను.

నీది అంత పెద్ద వ్యవహారం కాదు గానీ, చిన్న భాగస్వామ్యాలే మాటల మీద నడిచి మాటల మీదే చెడిపోతాయి. విశ్వవిద్యాలయ ఆచార్యులు ఉదారంగా తమ దగ్గరి బాక్టీరియా స్ట్రెయిన్లు, పాల నమూనాలు ఇస్తానంటారు. అవి నీ ఫ్రీజరులోకి రాకముందే పదార్థ బదిలీ ఒప్పందం సంతకమై ఉండాలి. విశ్వవిద్యాలయం తరఫున ఆచార్యుల సంతకం ఒక్కటే చాలదు, రిజిస్ట్రారుదో అధికారం ఉన్న మరొకరిదో కావాలి. కౌలు కాగితంలో విత్తనం ఎవరిది, గడ్డి ఎవరిది అని రాసుకున్నట్టే, ముందునుంచి ఎవరి దగ్గర ఏముందో, కలిసి పనిచేయగా కొత్తగా పుట్టేది ఎవరికి ఎంత చెందుతుందో విడివిడిగా రాసుకోవాలి. పేటెంటు దరఖాస్తు ఖర్చు ఎవరు భరిస్తారు, పత్రికకు వ్యాసం పంపే ముందు రెండో పక్షానికి ఎన్ని రోజులు చదవడానికివ్వాలి, విద్యార్థి సిద్ధాంత గ్రంథంలో ఏ వివరాలు రాయవచ్చు అన్న మూడు విషయాల్లోనే తగాదాలు ఎక్కువ. మూడో దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆచార్యుల విద్యార్థి ఒకరు యాంటీబాడీ వరుసక్రమాన్ని గ్రంథంలో అచ్చు వేసి, అది గ్రంథాలయంలో అందుబాటులోకి వచ్చేసిందంటే ఆ తరువాత వేసిన పేటెంటు దరఖాస్తు కొత్తదనం కోల్పోయినట్టే. అందుకని తాత్కాలిక దరఖాస్తు ముందే వేసెయ్యి. ఆన్‌లైన్‌లో వేసే స్టార్టప్‌కు ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలే, పూర్తి వివరణ ఇవ్వడానికి 12 నెలలు గడువుంటుంది. న్యాయవాది ఫీజు వేరే, అది తక్కువేమీ కాదు. గేదె జన్యువుల వంటి మన దేశపు జీవవనరు మీద ఆధారపడిన ఆవిష్కరణ అయితే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ వైపు నుంచి ఏ లాంఛనం అవసరమో ఆ న్యాయవాదినే అడుగు.

అనుమతుల గురించి క్లుప్తంగా చెబుతాను. జన్యుమార్పిడి చేసిన ఈ-కోలైతో పని కాబట్టి 1989 నియమాల ప్రకారం సంస్థాగత జీవభద్రతా కమిటీ ఆమోదం కావాలి. పార్కుకు సొంత కమిటీ ఉందా, అందులో నీ ప్రాజెక్టు పెట్టవచ్చా, అది ఎన్నాళ్లకు ఒకసారి కూర్చుంటుంది అని మొదటి రోజే అడుగు. యాంటీబాడీ కోసం కుందేలుకో ఎలుకకో ఇంజెక్షను ఇవ్వాల్సి వస్తే జంతు నైతిక కమిటీ వేరే ఉంటుంది. 2020 ఫిబ్రవరి నోటిఫికేషనుతో మనుషులకే గాక పశువులకు వాడే పరికరాలు కూడా ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి కాబట్టి, ‘ఇది పాల పరీక్ష, లైసెన్సు అక్కరలేదు’ అని ఎవరైనా భరోసా ఇస్తే నమ్మవద్దు. నీ పట్టీ ఏ కోవలోకి వస్తుందో కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థకు రాసి తెలుసుకో.

హైదరాబాదులో ఏటా జరిగే బయోటెక్ రంగ సదస్సు బయోఆసియాకు వెళ్లు, కానీ స్టాలు తీసుకునేందుకు డబ్బు తగలెయ్యకు. కారిడార్లలో నిలబడి మాట్లాడితే చాలు. పార్కులో మధ్యాహ్న భోజనం మటుకు గదిలో ఒంటరిగా చేయకు. నీ పొరుగు బెంచీ మనిషికి ఏ సరఫరాదారు పట్టీకి కావలసిన మంచి నైట్రోసెల్యులోజ్ పొర సకాలంలో తెప్పిస్తాడో తెలిసి ఉండవచ్చు, అది తెలుసుకోవడానికి ఏ వెబ్‌సైటూ పనికిరాదు. అలాగని నీ యాంటీబాడీ వరుసక్రమం భోజనాల బల్ల దగ్గర చెప్పనక్కరలేదు.

బిగ్ దరఖాస్తుల పిలుపు జనవరి 1న, జులై 1న వస్తుంది. ఈలోగా గచ్చిబౌలి ఇంక్యుబేటరుకు వెళ్లి, ఫ్రీజర్ల గదీ రిజిస్టర్లూ చూసి, ఒప్పంద ముసాయిదా అడిగి తీసుకో. సంతకం చేయకుండా నాకు పంపు. మేధో సంపత్తి, నిష్క్రమణ క్లాజులు నేను చదివి పెడతాను, అద్దె మీద జీఎస్టీ, డిపాజిట్టు తిరిగిచ్చే షరతులు బావగారు నాకంటే బాగా చూడగలరు.

ఇట్లు,
మామయ్య