అబ్బాయి బాక్సింగ్ అంటున్నాడు, మాకేమో తల దెబ్బల భయం

ప్రశ్న: మాది నిజామాబాద్. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మూడేళ్లుగా బాక్సింగ్ నేర్చుకుంటున్నాడు, రాష్ట్రస్థాయిలో ఒక పతకం వచ్చింది. ఇక చదువు పక్కన పెట్టి ఇందులోనే ఉంటానంటున్నాడు. తలకు దెబ్బలు తగిలితే పెద్దయ్యాక మతి పోతుందని, మహమ్మద్ అలీకి అలాగే అయిందని మా బావమరిది అంటున్నాడు. మాన్పించమంటారా?

జవాబు: మీ బావమరిది చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. అలీగారిది పార్కిన్సన్స్, అంటే ఒళ్లు వణికి కదలికలు మందగించే జబ్బు, 1984లో బయటపడింది. అది దెబ్బల వల్లేనా అంటే డాక్టర్లే ఒక మాట మీద లేరు. కానీ తల దెబ్బలకీ డిమెన్షియాకీ, అంటే మతి తప్పే జబ్బుకీ, సంబంధం ఉందన్న మాట ఈనాటిది కాదు. తూలి నడిచే, మాట తడబడే పాత బాక్సర్ల గురించి అమెరికాలో మార్ట్‌లాండ్ అనే డాక్టరు 1928లోనే రాశారు. మనం జాగ్రత్త పడితే తగ్గించుకోగల డిమెన్షియా కారణాల్లో తల గాయాలను లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2020లో చేర్చింది.

అలాగని ఒక నాకౌట్ అయితే ముసలితనంలో మతి పోతుందని కాదు. పేరుకుపోయే చిన్న దెబ్బలే అసలు భయం. గ్లాస్గోలో డాక్టర్ విల్లీ స్టీవార్ట్ బృందం పాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మరణాలను పరిశీలించి 2019లో ఫలితాలు చెప్పింది. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోవడం వాళ్లలో మామూలు జనం కంటే మూడున్నర రెట్లు ఎక్కువ. తర్వాత చూస్తే, బంతిని తలతో కొట్టే పని లేని గోల్‌కీపర్లకు ఆ ముప్పు దాదాపు అందరితో సమానమే, డిఫెండర్లకే అందరికంటే ఎక్కువ. అదే ఆటగాళ్లలో గుండెజబ్బు మరణాలు తక్కువని కూడా తేలింది. ఆట మొత్తం చెడ్డదని నేను అననిది అందుకే.

కాబట్టి 'ఉంచాలా, మాన్పించాలా' అన్న దగ్గర ఆగిపోకండి. ఒకరోజు కోచ్‌గారి దగ్గర కూర్చుని, వారానికి ఎన్ని రోజులు స్పారింగ్ (ఇంకో బాక్సర్‌తో తలపడే ప్రాక్టీసు) చేయిస్తున్నారో అడగండి. పోటీలో మూడేసి నిమిషాల రౌండ్లు మూడే, ఏడాదికి ఎన్ని పోటీలుంటాయి గనక? తలకు దెబ్బలు ఎక్కువగా తగిలేది ప్రాక్టీసులోనే. బ్యాగ్ వర్క్, ప్యాడ్స్, ఫుట్‌వర్క్‌తో తయారుచేసి, తలమీద దెబ్బలుండే స్పారింగ్‌ని పొదుపుగా వాడే కోచ్ దొరికితే మీ భయం సగం తగ్గుతుంది. హెడ్‌గార్డ్ ఉందిగా అని ఆయన కొట్టిపారేస్తే మాత్రం ఆలోచించండి. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది, అంతవరకే. గడ్డపెరుగు కుండకి ఎంత గుడ్డ చుట్టినా, కుదిపితే లోపల పెరుగు కదలక మానదు కదా.

పోయినేడాది ఒక కుర్రాడు ఎంసెట్ సలహా కోసం నా దగ్గరికి వచ్చాడు. మాట్లాడుతున్నంతసేపూ ట్యూబ్‌లైట్ వైపు చూడలేక కళ్లు చికిలిస్తున్నాడు. ఒకటే పేరా మూడుసార్లు చదివినా ఎక్కడం లేదన్నాడు. తీరా అడిగితే, రెండు వారాల కిందట స్పారింగ్‌లో కణతకి తగిలిందట. సెలక్షన్స్‌లో తీసేస్తారని కోచ్‌కి చెప్పలేదు. వాళ్ల నాన్నగారేమో ఫోన్ ఎక్కువ చూస్తున్నాడని ఫోన్ లాక్కున్నారు. కాలేజీల సంగతి తర్వాత, ముందు న్యూరాలజిస్టుకి చూపించండని పంపేశాను. మీ వాడు మీ దగ్గర అలా దాచకుండా ఉండాలంటే, 'తల నొప్పంటే ఆట బంద్' అన్న బెదిరింపు మీ నోట రాకూడదు. తల దెబ్బతో బౌట్ (పోటీ) ఆపేస్తే కనీసం 30 రోజులు స్పారింగ్ కూడా వద్దని పోటీల నిబంధనల్లోనే ఉంది, ఇంట్లో పెట్టుకున్న రూల్ కాదు.

స్టేడియానికి బండి మీద వెళ్తాడా? హెల్మెట్ అద్దానికి వేలాడుతుంటే రింగ్ గురించి మనం ఇంత చర్చించి లాభం లేదు.

ఇక కెరీర్. మీ ఊరి బాక్సర్ హుసాముద్దీన్ ఆర్మీలో ఉన్నారు, రెండుసార్లు ప్రపంచ చాంపియన్ నిఖత్ జరీన్ తెలంగాణ పోలీసులో డీఎస్పీ. ఆర్మీ, రైల్వే, పోలీసు స్పోర్ట్స్ కోటా నిజమైన దారే గానీ సీట్లు తక్కువ. డబ్బు కోసం ప్రొఫెషనల్ బౌట్లకి వెళ్తానంటే నేను వద్దంటాను, అక్కడ రౌండ్లు 12 దాకా పోతాయి. డబ్బు కోసం కాని అమెచ్యూర్ పోటీల్లోనే ఉండి, రింగ్ దిగే రోజుకి చేతిలో ఇంకో పని ఉండేలా చూసుకోవాలి. బైపీసీ కాబట్టి ఫిజియోథెరపీ వైపు వెళ్లొచ్చు. దెబ్బలు తెలిసిన ఫిజియోని ఆటగాళ్లు త్వరగా నమ్ముతారు. కోచ్ కావాలంటే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) డిప్లొమా ఉంది, దానికి డిగ్రీ అడుగుతారు. బడిలో వ్యాయామ టీచర్ (పీఈటీ) కావాలంటే ఇంటర్ తర్వాత పీఈసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి డీపీఈడీ అనే వ్యాయామ విద్య డిప్లొమాలో చేరొచ్చు. ఈ మూడింట్లో ఏ దారైనా ఇంటర్ పాసవ్వాల్సిందే, చదువు పక్కన పెట్టే మాట ఇక్కడే ఆగిపోతుంది.

పరీక్షలు అయ్యేదాకా స్పారింగ్ ఆపేసి, పొద్దున గంట బ్యాగ్ వర్క్ చేసుకోమనండి. కోచ్‌తో మాట్లాడేటప్పుడు అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.